కోడి గంప నుంచి ప్రత్యక్ష ప్రసారం

ముందే చెప్పేస్తున్నాను. ఈ కథ ముగిసేలోపు ఒక ప్రాథమిక పాఠశాల మొత్తం ఖాళీ అవుతుంది, ఒక అధికారిణి కోడిపుంజుకు ఎదురుబొదురుగా కూర్చుంటారు, నాకొక మెమో వస్తుంది. అన్నిటికీ కారణం నేనే. ఇంకెవరి మీదా నెట్టను. అలాగని సిగ్గుపడుతూ చెబుతానని మాత్రం అనుకోకండి. సిగ్గుపడాల్సిన రోజున నాకు చేతినిండా పని ఉంది, ఆ తర్వాత తీరిక దొరకలేదు.

అప్పటికి ఉద్యోగంలో చేరి నాకు రెండో ఏడు. విజయనగరంలో పుట్టి పెరిగినదాన్ని, బొబ్బిలి దాటి లోపలికి పోయే ఒక పల్లెలో పోస్టింగు వచ్చింది. ఊరి పేరు చెప్పను. ఇప్పటికీ ఆ చుట్టుపక్కలవాళ్ళు బస్సులో నన్ను చూస్తే "కోళ్ల పంతులమ్మ" అని పక్కవాళ్ళకు చూపిస్తారు, ఆ కీర్తి చాలు. బడి అంటే రెండు గదులు, ఒక వరండా, వంట షెడ్డు, అయిదు తరగతులు, ఇద్దరు టీచర్లు. ఒకరు నేను. రెండోవారు హెడ్మాస్టారు గౌరినాయుడు గారు.

గౌరినాయుడు మాస్టారు చెడ్డవారు కాదు. రిటైర్మెంటు దగ్గర పడింది కాబట్టి, తను దిగిపోయేదాకా ఏ వస్తువూ పాడవకుండా ఉంటే చాలనుకునేవారు. మా బడికి ప్రభుత్వం వాళ్ళు పెద్ద స్మార్ట్ టీవీ ఇచ్చారు. ఆయన దానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఎదురుగా కొబ్బరికాయ కొట్టి, ఆ తర్వాత వాళ్ళావిడ పాత చీర కప్పేశారు. ఆగస్టు పదిహేనుకు ఒకసారి చీర తీసేవారు, జనవరి ఇరవై ఆరుకు ఇంకోసారి. మధ్యలో అడిగితే, "వాడితే అరిగిపోద్దమ్మా" అనేవారు. శబ్దం పెంచితే లోపల ఏదో పగులుతుందని కూడా ఆయనకు గట్టి నమ్మకం. అందుకని సౌండు ఎప్పుడూ సున్నా దగ్గరే ఉండేది. ఈ సున్నాను కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆ ఏడే మా బడికి గండం వచ్చింది. ఊళ్ళోకి రోజూ పొద్దున్నే పసుపురంగు కాన్వెంటు బండి రావడం మొదలైంది. వచ్చిన ప్రతిసారీ మా పిల్లల్లో ఒకరిద్దరిని ఎక్కించుకుని పోయేది. ఇంకా తగ్గితే మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని మెయిన్‌రోడ్డు అవతలి బడిలో కలిపేస్తామని పైనుంచి మాట వచ్చింది. ఆ రోడ్డు మీద గ్రానైట్ లారీలు ఎలా పోతాయో ఈ ప్రాంతం వాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. ఎనిమిదేళ్ల పిల్లలు వాటి మధ్య నుంచి పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి దాటాలి. ఇంకో ముగ్గురు వెళ్ళిపోతే మా పని అయిపోయినట్టే. కర్మ ఏమిటంటే ఆ ముగ్గురూ ఒకే ఇంట్లో ఉన్నారు.

ఆ ఇల్లు సింహాచలానిది. బడి గోడకు ఆనుకునే ఉంటుంది. వరి, గోగు పండిస్తాడు. మా తల్లిదండ్రుల కమిటీకి ఆయనే చైర్మన్. ఒకరోజు వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"పంతులమ్మా, సోమవారానికి టీసీలు రాసి ఉంచండి."

"ఎవరివి?"

"మా ముగ్గురివీని. కాన్వెంటులో మాటాడీసినాను."

"మీరే చైర్మన్. మీ పిల్లల్నే తీసుకుపోతే బడి ఏమవుతుంది?"

"సైర్మనైతే నా పిల్లలు ఎదక్కూడదేటి? అక్కడ బూట్లేస్తారు."

"బూట్లు మేమూ ఇస్తున్నాం."

"టై కడతారు."

"టై ఇవ్వడం లేదు."

"మరదే. కంపూటర్ సూపిస్తారు. మీ బళ్ళో ఏటున్నాది? టీవీ ఉన్నాదంతారు, దానికి సీర కప్పీసినారు. సీర బాగున్నాది, నాను కాదన్ను."

నాకు ఒళ్ళు మండింది. ఆయన చెప్పినదాంట్లో తప్పు లేకపోవడం వల్ల ఇంకా ఎక్కువ మండింది. సోమవారంలోగా ఆ చీర తీసి, ఆ టీవీలో ఈ బొబ్బిలి తాలూకాలో ఏ కాన్వెంటూ చూపించనిది చూపిస్తానని నాలో నేను శపథం చేసుకున్నాను. ఏం చూపించాలో మాత్రం తెలియదు. నా శపథాలన్నీ ఇలాగే ఉంటాయి, ముందు చేస్తాను, తర్వాత ఆలోచిస్తాను.

దారి చూపించింది సింహాచలం పెద్దకూతురు సంతోషి. నాలుగో తరగతి. పక్షుల గూళ్ల పాఠం చెబుతుంటే లేచి నిలబడింది.

"మేడమ్, మా నల్లపెట్ట పొదుక్కి కూకున్నాది. సుక్రవారానికి పిల్లలు దిగుతాయని మామ్మ అన్నాది."

శుక్రవారం. ఆ శుక్రవారమే మండల విద్యాధికారిణి, మా ఎంఈఓ మేడమ్ వస్తున్నారు. తల్లిదండ్రులతో మాట్లాడి, పిల్లల్ని లెక్కపెట్టి, బడి ఉండాలో పోవాలో రాసుకుపోతారు. గుడ్లోంచి పిల్ల బయటికి రావడాన్ని పిల్లలు, పెద్దలు, అధికారిణి అందరూ కలిసి గోడంత బొమ్మలో, జరుగుతుండగానే చూస్తే? నా పాత ఫోను ఒకటి, అద్దం పగిలినది, ఇంట్లో పడి ఉంది. దాన్ని కోడి గంప దగ్గర పెట్టి, దాంట్లోంచి నా కొత్త ఫోనుకు వీడియో కాల్ చేసి, నా ఫోనును టీవీకి కలిపితే సరి. ఇంత తెలివైన ఆలోచన నాకు మళ్ళీ రాలేదు, ఆ రోజు జరిగింది చూశాక కూడా ఇదే మాట అంటాను.

అడ్డం వచ్చినావిడ అప్పలనరసమ్మ. సింహాచలం తల్లి, కోడి యజమానురాలు. మా వైపు కోడిని పొదుగుకు వేయడమంటే ఏదో ఊక పోసి గుడ్లు పెట్టేయడం కాదు. గుడ్ల పక్కన ఒక ఇనుప మేకు ఉండాలి, ఉరుములకు గుడ్లు చెడకుండా. ఒక బొగ్గుముక్క, ఒక ఎండుమిరపకాయ ఉండాలి, దిష్టి తగలకుండా. అన్నిటికంటే ముఖ్యం, గంప మీద పరాయి నీడ పడకూడదు. మేత వేసే మనిషి ఒక్కరే దగ్గరికి వెళ్ళాలి. ఆవిడ సొంత కోడలు, సింహాచలం భార్య పైడితల్లికే ఆ మూలకు ప్రవేశం లేదు.

"నువ్వొద్దు, నీ పిల్లలొద్దు. గుడ్లు మురిగిపోతాయి," అంది అప్పలనరసమ్మ.

"ఎవరూ రారు మామ్మా. ఫోను ఒక్కటే ఉంటుంది."

"దానికి నీడుండదేటి?"

"ఉంటుంది. చిన్నది."

"అదేటి సేస్తాది?"

"చూస్తుంది. అది చూసిందల్లా మా టీవీలో కనిపిస్తుంది."

"కోడినొక్కదాన్నే సూస్తాదా?"

"కోడినే మామ్మా. దానివైపే తిప్పి పెడతాను."

నేను అబద్ధం ఆడలేదని మీరు గమనించాలి. నిజంలో సగం చెప్పాను. మిగతా సగం నాకూ గుర్తులేదు.

ఆవిడ లోపలికి వెళ్ళి కుంకుమ భరిణె తెచ్చింది. గంప దగ్గరకు వచ్చే వస్తువు కాబట్టి ఫోనుకు బొట్టు పెట్టింది. సరిగ్గా కెమెరా కన్ను మీద పెట్టింది. ఆ మధ్యాహ్నం రిహార్సల్ చేస్తే టీవీ మొత్తం ఎర్రగా వెలిగిపోయింది. గౌరినాయుడు మాస్టారు రెండడుగులు వెనక్కి వేసి, "తల్లీ, నాకింకా సర్వీసుంది, ఆపేయమ్మా" అన్నారు. పరుగెత్తుకెళ్ళి ఆవిణ్ణి బతిమాలి, కన్ను తుడిపించి, బొట్టు ఫోను వెనకవైపుకు మార్పించాను.

పెరటి వసారాలో రోలు మీద ఫోను నిలబెట్టి గుడ్డపీలికతో కట్టించాను. ఎదురుగా గంప, గంప వెనక పెరడు, పెరట్లో కట్టెల పొయ్యి. పిల్లల అల్లరికి కోడి బెదిరిపోతుందని ఆ ఫోను శబ్దం మొత్తం తీసేశాను. కోడికి చెవులుంటాయన్న సంగతి నాకు గుర్తుంది. ఫోనుకు కూడా ఉంటాయన్నదే గుర్తులేదు. రిహార్సల్లో తెలిసే అవకాశం కూడా లేకపోయింది, ఎందుకంటే టీవీ సౌండు సున్నాలో ఉంది.

ఇంకొక పాత్రను పరిచయం చేయాలి. ఆ ఇంటి పుంజు. పిల్లలు దాన్ని బెల్లుగాడు అనేవాళ్ళు. రోజూ మొదటి గంటకు కాస్త ముందు మా గోడెక్కి కూసేది. మధ్యాహ్నం అన్నం గంట కొడితే వరసలో మొదట అదే ఉండేది. హాజరుపట్టీలో పేరు లేదన్న మాటే గాని, హాజరు మాత్రం అందరికంటే బాగుండేది.

శుక్రవారం వచ్చింది. ఎంఈఓ మేడమ్ కళ్ళద్దాలు పెట్టుకుని, ఫైలు పట్టుకుని, తక్కువ మాట్లాడే మనిషి. తల్లిదండ్రులు కుర్చీల్లో కూర్చున్నారు. ముందు వరసలో తెల్లచొక్కా వేసుకుని చైర్మన్ సింహాచలం. గౌరినాయుడు మాస్టారు ఎంఈఓ మేడమ్ చేత టీవీ మీద చీర తీయించారు, శిలాఫలకం ఆవిష్కరించినట్టు. అందరూ చప్పట్లు కొట్టారు. సంతోషి ఇంటికెళ్ళి మామ్మ చేత ఫోను మీట నొక్కించి వచ్చింది.

టీవీలో నల్లపెట్ట కనిపించింది. గోడంత కోడి. రెక్క కొంచెం కదిలింది, కిందనుంచి ఒక గుడ్డు బయటికి జరిగింది. గుడ్డు మీద చిన్న చిల్లు. ఆ చిల్లులోంచి ముక్కు కొస.

ఆ క్షణం గురించి మాత్రం హాస్యమాడను. ఒకటో తరగతి వాళ్ళు కూడా ఊపిరి బిగబట్టారు. ఆ గదిలో ఉన్నవాళ్ళందరి ఇళ్లల్లో కోళ్లున్నాయి, కానీ నీడ పడకూడదన్న నియమం వల్ల గుడ్డు పగలడం చూసినవాళ్ళు లేరు. సింహాచలం కుర్చీలోంచి ముందుకు వంగి, "మా పెట్టే" అన్నాడు, ఎవరితోనో తెలియకుండా. టీసీల సంగతి మర్చిపోయిన మొహం అది. గెలిచేశాననుకున్నాను. నా కళ్ళు చెమర్చాయి కూడా.

ఎంఈఓ మేడమ్ కళ్ళద్దాలు సర్దుకుని అడిగారు. "సౌండ్ రాదా అమ్మా?"

"ఎందుకు రాదు మేడమ్," అన్నాను.

"వద్దమ్మా," అన్నారు మాస్టారు నీరసంగా.

రిమోటు ఆయన ప్లాస్టిక్ కవరులో పెట్టి, రబ్బరు బ్యాండు వేసి ఉంచారు. కవరు మీదనుంచే నొక్కాను, చివరిదాకా. పిల్ల కిచకిచమంది. గది మొత్తం "హా" అంది. టీవీ పగల్లేదు. మాస్టారు కూడా చిన్నగా నవ్వారు. పాపం, ఆయన ఆ రోజు నవ్విన ఆఖరి నవ్వు అదే.

ఎందుకంటే మరుక్షణం టీవీలోంచి అప్పలనరసమ్మ గొంతు వచ్చింది. మనిషి కనిపించడం లేదు, గొంతు మాత్రం ఊరేగింపు మైకులో వచ్చినట్టు వచ్చింది.

"ఒలే పైడితల్లీ, బేగి ఆ పుంజుని పట్టు. ఎంఈఓ గోరికి నాటుకోడి పులుసు సేయమని మాస్టారు సెప్పేడు."

గదిలో కుర్చీ ఒకటి కిర్రుమంది. అది మాస్టారి కుర్చీ.

"ఆవిడెంత తింతాది అత్తా, ఒక్క మనిసికి పుంజెందుకు?" ఇది పైడితల్లి గొంతు.

"ఆవిడ తిన్నంత తింతాది. కాళ్లూ, మెడ, కార్జం నాకు కట్టీయండని మాస్టారు ముందే సెప్పేడు."

రిమోటు నొక్కాను. ప్లాస్టిక్ కవరు జారి, తగ్గాల్సిన శబ్దం అక్కడే ఆగిపోయింది. మళ్ళీ నొక్కాను. ఏదో మెనూ వచ్చింది, భాష ఎంచుకోమంది. నా చేతిలోని ఫోనులో కాల్ కట్ చేస్తే చాలునని మీకు ఇప్పటికే తట్టి ఉంటుంది. నాకది మర్నాడు ఆటోలో తట్టింది.

"పంతులమ్మకి మాత్రం ఈ కోళ్ల పిచ్చేటో," అంది అప్పలనరసమ్మ. "పెల్లీడుకొచ్చిన పిల్ల, గంప సుట్టూ తిరుగుతన్నాది. నానే ఏదో సమ్మందం సూడాల."

తల్లిదండ్రులందరూ నావైపు జాలిగా చూశారు. ఇద్దరు ఆడవాళ్ళు అప్పుడే ఎవరినో తలుచుకుంటున్నట్టు కూడా కనిపించారు.

ఇదంతా భరించవచ్చు. అసలు దెబ్బ తర్వాత తగిలింది. పొయ్యి దగ్గర గిన్నెల చప్పుడైంది. పైడితల్లి మళ్ళీ మాట్లాడింది, ఈసారి కొంచెం నెమ్మదిగా.

"అత్తా, సోమారం నుంచి గుంటలు బండెక్కుతారంట. సంతోసికి ఆటో ఎక్కితేనే వాంతులు. అంత దూరం ఎలగెల్తాది?"

"నీ మొగుడికి సెప్పు."

"నాను సెప్తే ఇంటాడేటి? టై కడతారు, టై కడతారు అంతాడు. టై కట్టుకుని వాంతి సేసుకుంటే ఏటి లాబం? ఇక్కడైతే గోడవతల ఉంతారు, పిలిస్తే పలుకుతారు. ఆ గుంట సందేల వచ్చి నాకు పేరు రాయడం నేర్పతన్నాది. రేపు బండి దిగొచ్చీసరికి దానికే కూడు తినే ఓపికుండదు. నాకిట్టం నేదు అత్తా. ముగ్గుర్నీ పంపడం నాకిట్టం నేదు."

"గట్టిగా సెప్పే."

"ఇంట్లో ఎంత గట్టిగా సెప్పినా ఒకటే. ఊరందరి ముందర ఎవులైనా సెప్తే గానీ ఆయనకెక్కదు."

ఊరందరూ ముందు వరసలో కూర్చున్న తెల్లచొక్కా వైపు చూశారు. సింహాచలం తన చెప్పుల వైపు చూసుకున్నాడు. టీవీలో కోడిపిల్ల కిచకిచమంటూనే ఉంది. ఆ మనిషిని ఊరి ముందు తల దించుకునేలా చేసినదాన్ని నేనే. టీసీలు సోమవారం దాకా కూడా ఆగవు, ఇప్పుడే రాయమంటాడనుకున్నాను.

అంతలో టీవీలో నల్లపెట్ట వెనకనుంచి బెల్లుగాడు పరుగెత్తుకుంటూ వెళ్ళాడు. వాడి వెనక పైడితల్లి. ఆమె వెనక చేతిలో కత్తిపీటతో అప్పలనరసమ్మ. ముగ్గురూ కుడివైపు మాయమై, ఎడమవైపు నుంచి మళ్ళీ వచ్చారు.

"మేడమ్," అంది సంతోషి లేచి. "మామ్మ బెల్లుగాణ్ణి కోసెత్తన్నాది."

"ఎందుకు?" అన్నాడు ఒకటో తరగతి వాడొకడు.

"ఎంఈఓ మేడమ్ తింతారంట."

పిల్లలందరూ ఒకేసారి తలలు తిప్పి ఎంఈఓ మేడమ్ వైపు చూశారు. అన్ని కళ్ళు ఒకేసారి అలా చూస్తే ఎవరికైనా కుర్చీలో కుదురుగా కూర్చోవడం కష్టం. ఆవిడ ఫైలు మూసి, మాస్టారి వైపు తిరిగి, ఒక్క మాట అన్నారు.

"నేను శాకాహారిని. గుడ్డు కూడా తినను."

మాస్టారు ఆ సంగతి అడగాలన్న ఆలోచనే చేయలేదట. సమాధానం చెప్పడానికి ఆయన నోరు తెరిచేలోపే బడి లేచిపోయింది. "లగెత్తండర్రా" అని సంతోషి అనడం వినిపించింది. అయిదు తరగతులు, రెండు తలుపులు, నిమిషం పట్టలేదు. గదిలో పలకలు, ఒంటి కాలి బూట్లు, పెద్దవాళ్ళు మిగిలారు. నేను గుమ్మం దగ్గర చేతులు అడ్డంపెట్టి నిలబడ్డాను. నా చేతుల కిందనుంచి మొత్తం ఒకటో తరగతి వెళ్ళిపోయింది.

ఇప్పుడు టీవీ చూడాలి మీరు. కుడివైపు నుంచి పిల్లలు రావడం మొదలుపెట్టారు. ఒకరు, ఇద్దరు, గుంపులు. పెరడు నిండిపోయింది. గంప మీద ఒక్క పరాయి నీడ పడకూడదన్న చోట ఒక పాఠశాల నీడ పడింది. మా బడి మొత్తం టీవీలోకి వెళ్ళిపోయింది, బడిలో మేమున్నాం.

ఆ గొడవలో బెల్లుగాడు గోడెక్కి ఇటు దూకాడు. కిటికీలోంచి లోపలికి వచ్చి, హెడ్మాస్టారి బల్ల మీద, హాజరుపట్టీ మీద, ఎంఈఓ మేడమ్‌కు ఎదురుగా వాలాడు. తనను కోయమన్నది ఎవరి కోసమో వాడికి తెలిసిందో లేదో గాని ఆవిడ మొహంలోకి సూటిగా చూసి ఒక్క కూత కూశాడు. ఆవిడ బెదరలేదు. పుంజును ఒక చేత్తో పక్కకు జరిపి, హాజరుపట్టీ తీసుకుని, టీవీ వైపు చూస్తూ వేలితో లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

"కదలకుండా ఉంటే బాగుండేది," అన్నారు. కాసేపటికి, "అందరూ ఉన్నారు. ఒకరు ఎక్కువే ఉన్నారు," అన్నారు. ఎక్కువ ఉన్నది పైడితల్లి. కత్తిపీట పట్టుకున్న మామ్మను ఆవిడ లెక్కలో వేయలేదు.

టీవీలో పైడితల్లి ఆయాసపడుతూ అడుగుతోంది. "ఏటర్రా, అందరూ ఇటు లగెత్తుకొచ్చినారు? మీకెవులు సెప్పేరు?"

"అమ్మా," అంది సంతోషి, "నువ్వన్నదంతా టీవీలో ఇనిపించీసింది. నాన్న కూడా ఇన్నాడు."

పైడితల్లి ఆగిపోయింది. మెల్లగా ఫోను వైపు తిరిగింది. కొంగు తలమీదకు లాక్కుని లోపలికి పోతుందనుకున్నాను. నేనైతే అదే చేసేదాన్ని. ఆమె కొంగు బొడ్లో దోపుకుని, గంప దాటి, రోటి దగ్గరకు వచ్చి, ఫోనులోకి వంగింది. టీవీ నిండా ఆమె మొహం, చెమట, బొట్టు.

"ఇన్నావా?" అంది మొగుడితో. "అయితే మల్లీ సెప్పక్కర్నేదు."

ఫోను తీసి రోట్లో బోర్లా పెట్టేసింది. టీవీ నల్లబడింది.

సింహాచలం లేచి, ఎవరి మొహమూ చూడకుండా, బల్ల మీదున్న పుంజును చంకలో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం భోజనం పప్పన్నం, ఉడకబెట్టిన గుడ్డు. పిల్లలు పప్పన్నం తిన్నారు. గుడ్లు ఒక్కరూ ముట్టలేదు. రెండో తరగతి పిల్ల ఒకత్తి గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని విని, "నేదు మేడమ్, మాటాడ్డం నేదు" అని జాగ్రత్తగా కంచం పక్కన పెట్టింది. ఎంఈఓ మేడమ్ పిల్లలతోపాటు నేలమీద కూర్చుని పప్పన్నం తిన్నారు. వెళ్ళేముందు సందర్శకుల పుస్తకంలో ఒక్క వాక్యం రాశారు. "ఇకమీదట టీవీపై చీర కప్పరాదు." గౌరినాయుడు మాస్టారు చీర మడతపెట్టి ఇంటికి తీసుకెళ్ళారు. కాళ్లు, మెడ, కార్జం లేకుండానే వెళ్ళారు.

సాయంత్రం గోడ మీదనుంచి అప్పలనరసమ్మ పిలిచింది. గట్టిగా తిట్టించుకుందామని వెళ్ళాను.

"అన్నీ దిగినాయే పంతులమ్మా. ఒక్క గుడ్డు మురగనేదు."

"మరి నీడ పడింది కదా మామ్మా, అంతమంది నీడ?"

"నాను మిరపకాయ ఎట్టబట్టి సరిపోనాది," అంది.

సోమవారం పొద్దున్నే సింహాచలం వచ్చాడు. నేను టీసీ పుస్తకం బల్ల మీద పెట్టుకుని కూర్చున్నాను, రాయడానికి కాదు, అడిగితే దానితో కొట్టడానికి. గుమ్మంలోనే నిలబడ్డాడు. వెనక గోడ మీద బెల్లుగాడు గంటకు ముందు కూత కూశాడు. రోడ్డు మీద పసుపు బండి హారన్ కొట్టింది, కాసేపు చూసింది, వెళ్ళిపోయింది.

"పంతులమ్మా, ఒక్కమాట," అన్నాడు.

"చెప్పండి."

"పిల్లలుంటారు. ఫోనుండదు."

అంతే ఒప్పందం. మూడు, నాలుగు, అయిదు తరగతులు ఆ రోడ్డు దాటలేదు, ఇప్పటికీ దాటలేదు.

మెమో మాత్రం తర్వాతి వారం వచ్చింది. పుంజు గురించి కాదు, పిల్లలు గోడవతలికి పరుగెత్తడం గురించి కాదు. ఫలానా శుక్రవారం వండిన గుడ్లన్నీ తినకుండా ఎందుకు మిగిలాయో సంజాయిషీ ఇవ్వాలట. మాస్టారు, "గుడ్లు చెడిపోయాయని రాసేయమ్మా, గొడవ వదిలిపోద్ది" అన్నారు. గుడ్లు చెడిపోలేదు. నేను ఒక్క వాక్యం రాసి సంతకం పెట్టాను. "కారణం: పాఠం పిల్లలకు పూర్తిగా అర్థమైంది." జవాబు రాలేదు. వస్తే ఇంకో వాక్యం రాయడానికి సిద్ధంగానే ఉన్నాను.

ఇక సంప్రదాయం ప్రకారం నేను బుద్ధి తెచ్చుకోవాలి. తెచ్చుకున్నాను. చదివేవాళ్ళందరి సాక్షిగా, ఇనుప మేకు సాక్షిగా, బొగ్గుముక్క సాక్షిగా, ఎండుమిరపకాయ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఫోనుకు చెవులుంటాయని ఇంటివాళ్ళకు చెప్పకుండా ఇకమీదట ఏ కోడి గంప ముందూ దాన్ని పెట్టను. కోడి గంప అన్నాను, గమనించండి. నిన్న సాయంత్రం బడి గంట కొట్టాక పైడితల్లి గోడ మీదనుంచి నన్ను పిలిచింది.

"పంతులమ్మా, మా గేదె ఈ వారంలో ఈనేలాగున్నాది. ఆ ఫోను తెచ్చి సాలలో ఎట్టు. ఆయనకి సెప్పాల్సినవి ఇంకా ఉన్నాయి."